అప్పీలుకి పోతే కేసు మళ్ళీ మొదటి నుంచీ వింటారా?

ఉద్దానం వైపు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకి 44 ఏళ్ళు. భర్త 2021లో కిడ్నీ జబ్బుతో పోయారు. ఇంట్లో ముసలి అత్తగారు, డిగ్రీ చదువుతున్న కూతురు. కొడుకు విశాఖలో ఏదో కంపెనీలో పని. ఆస్తి అంటే 1 ఎకరం 60 సెంట్ల కొబ్బరి, జీడి తోట. పక్క తోట భర్తగారి పెదనాన్న కొడుకుది, అంటే ఈవిడకి బావగారిది. పెద్దవాళ్ళు 1987లో పంచుకున్నారు. రెండు తోటల మధ్య గట్టు, గట్టు మీద వరసగా 11 కొబ్బరి చెట్లు, అదే హద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఆ వరసలో 9 చెట్లు పడిపోయాయి. పడిన మానులు తీయడానికి ప్రొక్లెయిన్ పెట్టారు, దాంతో గట్టు కూడా చదునైపోయింది. ఆ తర్వాత బావగారు "హద్దు ఇక్కడ కాదు, ఇంకా లోపలికి" అన్నారు. ఆ లోపలికి అన్నది 22 సెంట్లు.

భర్త 2019లో మునసబు కోర్టులో (ఇప్పటి మాటలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు) ఇంజంక్షన్ దావా (అవతలివాళ్ళు మా నేల జోలికి రాకుండా ఆపమని అడిగే దావా) వేశారు. రెండు పక్షాలూ యథాతథంగా ఉండాలని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచి ఆ 22 సెంట్లు బీడుగానే ఉంది. భర్త పోయాక ఈవిడా పిల్లలూ వాదులుగా రికార్డులోకి వచ్చారు. ఈ ఏడాది జులై 8న దావా కొట్టేశారు. లాయరు గారు "హైకోర్టుకి పోదాం, స్టే తెద్దాం" అన్నారట. తమ్ముడేమో "90 రోజులు టైముంది, కంగారు లేదు" అన్నాడట. బావగారు "కేసు నేను గెలిచాను, ఆ ముక్క నాదే" అని ఊళ్ళో చెప్పుకుంటూ, కంచెకి రాతి స్తంభాలు కూడా దింపించారు. ఇంతలో అత్తగారి ట్రంకుపెట్టెలో 1987 నాటి పంపకాల కాగితం దొరికింది. "ఇది ముందే దొరికుంటే గెలిచేవాళ్ళం కదా, అప్పీలుకి పోతే మళ్ళీ మొదటి నుంచీ వింటారా, ఈ కాగితం చూస్తారా? లేకపోతే ఇక వదిలేసుకోమంటారా? మా గుంటకి (అమ్మాయికి) రేపు పెళ్ళి సంబంధం వస్తే బావగారి ఇల్లు దాటి పోలేం" అని ముగించారు. తీర్పు కాపీలో కొన్ని పేజీల ఫొటోలు కూడా పంపారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఉన్న తారీఖులు చూసిన రోజునే మీకు నాలుగు లైన్లు రాసి పంపాను, గుర్తుంది కదా, మిగతావన్నీ తర్వాత, ముందు గడువు చూసుకోండి అని. ఎందుకలా కంగారు పెట్టానో ముందు అది చెబుతాను, ఎందుకంటే ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు.

మీ తమ్ముడు చెప్పిన 90 రోజులు అబద్ధం కాదు, కానీ అది హైకోర్టుకి వేసే అప్పీలుకి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు తీర్పు మీద మొదటి అప్పీలు హైకోర్టుకి పోదు, మీ జిల్లాలోనే పై కోర్టుకి పోతుంది. దానికి గడువు 30 రోజులే. హైకోర్టు అనేది ఆ తర్వాతి మెట్టు. లాయరు గారు హైకోర్టు అని నిజంగా అన్నారో, "పై కోర్టు" అంటే మీకు అలా వినబడిందో నాకు తెలీదు, ఎంతోమంది పై కోర్టు అంటే హైకోర్టే అనుకుంటారు. మీరు మాత్రం ఇప్పుడు అమరావతి దాకా వెళ్ళనక్కర్లేదు.

ఇక ఆ 30 రోజులు ఎలా లెక్కేయాలి? మీరు పంపిన ఫొటోల్లో అన్నిటికంటే విలువైంది తీర్పు కాదు, కాపీ చివర ఉన్న చిన్న పట్టీ. కాపీకి అర్జీ పెట్టిన తేదీ, ఛార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, చేతికి ఇచ్చిన తేదీ అని అయిదారు వరసలు, పక్కన పెన్నుతో రాసిన తారీఖులు. చాలామంది ఇటువైపు చూడనే చూడరు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన అయితే "అందులో ఏం లేదండీ, ఖాళీ కాగితం" అని ఆ పేజీ చింపి దాని వెనక కిరాణా లెక్క రాసుకున్నాడు, మళ్ళీ కొత్త కాపీకి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. మీ పట్టీలో అర్జీ జులై 17, కాపీ రెడీ అయింది ఆగస్టు 6, మీరు తీసుకున్నది ఆగస్టు 20. అర్జీ పెట్టిన రోజు నుంచి కాపీ రెడీ అయిన రోజు దాకా 21 రోజులు. కోర్టు కాపీ తయారు చేయడానికి పట్టిన ఆ కాలాన్ని మీ లెక్కలోంచి తీసేస్తారు. కాపీ రెడీ అయ్యాక మీరు వెళ్ళి తెచ్చుకోవడానికి పట్టిన 14 రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. జులై 8కి 30 రోజులు కలిపితే ఆగస్టు 7, దానికి 21 కలిపితే ఆగస్టు 28. అదీ మీ ఆఖరి రోజు.

తర్వాత మీరు ఫోనులో పంపిన మెసేజి ప్రకారం లాయరు గారు ఊళ్ళో లేరు, సెప్టెంబరు 2న దాఖలు చేద్దామన్నారు. అంటే 5 రోజుల ఆలస్యం. అంతమాత్రాన టెన్షన్ పడకండి, తలుపు మూసుకుపోలేదు. అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషను, కారణం చెబుతూ ప్రమాణపత్రం పెట్టాలి. లిమిటేషన్ చట్టంలో 5వ సెక్షను ఇందుకే ఉంది. కారణం సరైనదై ఉండాలి, అంతే. అయిదు రోజులకి, అందులోనూ గడువు 90 రోజులని పొరబడ్డాం, లాయరు ఊళ్ళో లేరు అన్న కారణానికి, కోర్టులు సాధారణంగా మరీ కఠినంగా ఉండవు, మహా అయితే కొంత ఖర్చు కట్టమంటారు. కానీ అవతలి వైపు నోటీసు వెళ్తుంది, వాళ్ళు కాదనొచ్చు, దాని మీద రెండు మూడు వాయిదాలు పోవచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి. ఎవరో ఒకరు "జ్వరం అని ఒక మెడికల్ సర్టిఫికెట్ పెట్టేద్దాం" అంటారు. మీకు జ్వరం రాలేదు. ఉన్నదున్నట్టు రాస్తే చాలినచోట అబద్ధం పెట్టి, రేపు అదే పట్టుకుని అవతలి లాయరు మీ మొత్తం కేసునే అబద్ధం అనే అవకాశం ఎందుకిస్తారు? ఇంకోటి, అయిదు రోజులకి మన్నిస్తారు కదా అని ఇంకో అయిదు, ఇంకో పది అని సాగదీయకండి. 2024లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక భూసేకరణ కేసులో 5,659 రోజుల ఆలస్యాన్ని మన్నించడానికి కోర్టు ఒప్పుకోలేదు, కేసులో బలం ఉందా లేదా అన్నది కూడా అక్కడ అక్కరకు రాలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. మళ్ళీ మొదటి నుంచీ వింటారా అంటే, వినరు. మీరు మళ్ళీ బోను ఎక్కరు, మీ పక్కింటి సాక్షి మళ్ళీ రాడు. కింది కోర్టులో జరిగిందంతా కట్టగా కట్టి పైకి పంపుతారు, పై జడ్జి ఆ కట్ట చదువుతారు, రెండువైపుల లాయర్లు వాదిస్తారు. అయితే మొదటి అప్పీలుకి పెద్ద బలం ఉంది, పై జడ్జి చట్టం సంగతే కాదు, సాక్ష్యం కూడా మళ్ళీ తూచి చూడాలి. కింది జడ్జి ఫలానా సాక్షిని నమ్మలేదంటే సరిగానే నమ్మలేదా, ఫలానా కాగితాన్ని పక్కన పెట్టారంటే ఎందుకు పెట్టారు అని ఒక్కో అంశం మీదా కారణాలు రాయాలి. ఆ తర్వాత హైకోర్టులో రెండో అప్పీలుకి ఈ సౌకర్యం ఉండదు, అక్కడ చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారు, చెట్లు ఎన్ని, గట్టు ఎక్కడ అన్నవి అక్కడ సాధారణంగా ముట్టుకోరు. అంటే మీ 11 చెట్ల కథ గురించి ఎవరైనా వివరంగా ఆలోచించే ఆఖరి చోటు ఇదే. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి, అలాగని గుడ్డిగానూ వెళ్ళకండి.

గుడ్డిగా అని ఎందుకన్నానంటే, మీ ఉత్తరం మొత్తంలో బావగారు ఏమన్నారో ఉంది, లాయరు ఏమన్నారో ఉంది, తమ్ముడు ఏమన్నాడో ఉంది, జడ్జి ఏమన్నారో మాత్రం లేదు. అప్పీలు అనేది బావగారి మీద కాదమ్మా, జడ్జి రాసిన తీర్పు మీద. ఆ తీర్పులో తప్పు ఎక్కడుందో చూపించాలి. మీ అమ్మాయి ఇంగ్లీషు చదువుతుంది కదా, ఒక సాయంత్రం కూచోబెట్టి తెలుగులో చెప్పించుకోండి. ముందు "ఇష్యూలు" అని ఉంటాయి, అంటే జడ్జి తనకు తాను వేసుకున్న ప్రశ్నలు. చివర ఒక్కో ప్రశ్నకీ జవాబు ఉంటుంది. మధ్యలోది తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు పంపిన పేజీలు నేను చదివాను. దావా కొట్టేయడానికి రెండు కారణాలు రాశారు. మొదటిది, దావా వేసిన రోజున ఆ 22 సెంట్లు మీ స్వాధీనంలో ఉన్నట్టు రుజువు కాలేదు. పాసుపుస్తకం చూపించారు గానీ అది హక్కుపత్రం కాదు, కమిషనర్ (నేల కొలిచి రమ్మని కోర్టు పంపిన మనిషి) రిపోర్టు కొలతలు చెబుతుంది గానీ స్వాధీనం చెప్పదు అన్నారు. రెండోది, బావగారు మీ హక్కునే కాదంటున్నప్పుడు మీరు హక్కు ప్రకటించమని అడగకుండా ఉత్త ఇంజంక్షన్ ఒక్కటే అడిగారు, అది సరిపోదు అన్నారు.

ఈ రెండోది జడ్జి గారి సొంత తెలివి కాదు, 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట. వరంగల్ స్థలాల తగాదా అది. హక్కు మీద నిజంగా మబ్బు కమ్మినప్పుడు, ముఖ్యంగా ఖాళీ జాగా అయినప్పుడు, ఇంజంక్షన్ ఒక్కటే అడిగితే కుదరదు, హక్కు ప్రకటనతో కలిపి అడగాలి అని. మీ కేసులో 2019లో బావగారు జవాబు దాఖలు చేసి "ఆ భూమి నాదే" అన్న రోజునే దావాను సవరించి ఉండాల్సింది. ఎందుకు సవరించలేదో తెలీదు. ఇంజంక్షన్ దావా ఖర్చు తక్కువ, త్వరగా అవుతుంది అని మీవారే వద్దన్నారేమో కూడా, ఆయన అప్పటికే డయాలసిస్‌కి తిరుగుతున్నారని రాశారు. ఇప్పుడు లాయరు మీద కోపం వల్ల ఒరిగేది లేదు. అయితే ఆయన మీద నమ్మకం పోతే మార్చుకునే హక్కు మీకుంది, అప్పీలుకి ఎలాగూ కొత్త వకాలత్ (లాయరుకి మీరిచ్చే అధికార పత్రం) కావాలి. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపకూడదు, 2000లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. మర్యాదగా అడిగి తెచ్చుకోండి.

మొదటి కారణం మీద మాత్రం మీకు వాదన ఉంది. కమిషనర్ 2022లో వచ్చి కొలిచినప్పుడు, ఆ ముక్క మీలో కలిపితే మీకు సరిగ్గా 1 ఎకరం 60 వచ్చింది, బావగారిలో కలిపితే ఆయన పాసుపుస్తకం కంటే 22 సెంట్లు ఎక్కువ వచ్చింది. ఈ లెక్క రిపోర్టులో ఉంది, తీర్పులో దీని గురించి ఒక్క ముక్క లేదు. పాసుపుస్తకం హక్కుపత్రం కాదన్నది నిజమే, కానీ 1971 నాటి పాసుపుస్తకాల చట్టం ప్రకారం రికార్డులో ఎక్కిన నమోదు, తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా, నిజమేనని అనుకోవాలి. బావగారు తప్పని రుజువు చేశారా? ఆయన ఆ మిగులు 22 సెంట్లు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పినట్టు నాకు కనబడలేదు. మంచి లాయరు చేతిలో ఇది ఉత్త పాయింటు కాదు, అప్పీలుకి వెన్నెముక.

ఇప్పుడు ట్రంకుపెట్టె కాగితం. దొరగ్గానే మీరు గెలిచేశామనుకున్నారు, నేను కొంచెం నీళ్ళు చల్లాలి. అప్పీలులో కొత్త సాక్ష్యం మామూలుగా తీసుకోరు. కింది కోర్టు తీసుకోనంటే, లేదా ఎంత శ్రద్ధగా వెతికినా అప్పుడు దొరకలేదని మీరు చూపిస్తే, లేదా తీర్పు చెప్పడానికి అది కావాలని జడ్జికే అనిపిస్తే, అప్పుడు. దీనికి వేరే పిటిషను వేయాలి. "ఇంట్లో పెట్టెలోనే ఉంది కదా, అయిదేళ్ళు ఎందుకు వెతకలేదు?" అని అవతలివాళ్ళు అడుగుతారు. అత్తగారి పెట్టె, ఆవిడ తాళం ఎవరికీ ఇవ్వరు, కొడుకు పోయిన తర్వాత ఆవిడ మంచం పట్టారు, మొన్న పింఛను కాగితాల కోసం తెరిస్తే కనబడింది అని మీరు రాసిన సంగతి అలాగే, ఆవిడ ప్రమాణపత్రంతో సహా పెట్టండి. అదొక అడ్డంకి. రెండోది, అది తెల్లకాగితం మీద రాసుకున్నది, స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఆ కాగితంతోనే పంచుకున్నట్టు రాసి ఉంటే హక్కుకి రుజువుగా దాన్ని చదవరు. ముందే నోటిమాటగా పంచుకున్నాం, గుర్తుకోసం ఇప్పుడు రాసుకుంటున్నాం అన్న ధోరణిలో ఉంటే సంగతి వేరు. కాబట్టి ఆ మొదటి రెండు వాక్యాల్లో "పంచుకొంటిమి" అని ఉందా, "పంచుకొనుచున్నాము" అని ఉందా అన్నది చూడండి, నవ్వకండి, కోర్టుల్లో ఇలాంటి క్రియాపదాల మీద ఏళ్ళ తరబడి వాదనలు నడుస్తాయి. ఏది ఉన్నా, స్టాంపు సుంకం, పెనాల్టీ కడితే కనీసం ఎవరు ఎక్కడ దున్నుకుంటున్నారు అన్నంతవరకైనా వాడుకునే వీలుంది. హద్దు దగ్గర "కొబ్బరి వరుస" అని రాసి ఉందన్నారు చూడండి, అది మంచి మాట.

దానికంటే తేలిగ్గా దొరికే సాక్ష్యం ఇంకోటి ఉందేమో చూడండి. తిత్లీ తర్వాత పడిపోయిన చెట్లకి ఎవరి పేరు మీద ఎన్ని అని అధికారులు లెక్క రాసుకున్నారు, పరిహారం ఇచ్చారు. ఆ 9 చెట్లు ఎవరి పేరు మీద రాశారు? మీవారి పేరు మీదే రాసి ఉంటే, తగాదాకి ముందు ప్రభుత్వం రాసుకున్న కాగితం అది. సమాచార హక్కు చట్టం కింద అడిగి ధ్రువీకరించిన కాపీ తెప్పించుకోండి. ఒకవేళ బావగారి పేరు మీద ఉందనుకోండి, అది కూడా ముందే తెలిస్తే మంచిదే, ఎంతదూరం పోవాలో తెలుస్తుంది.

స్టే గురించి. మీకు స్టే రాదు. కొట్టేసిన దావాలో ఆపడానికి ఏముంది? స్టే అనేది అవతలివాడికి అనుకూలంగా ఒక డిక్రీ (తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఆదేశం) ఉండి, దాన్ని అమలు చేస్తుంటే ఆపడానికి. దావా కొట్టేసిన రోజునే 2019 నాటి యథాతథ ఉత్తర్వు కూడా పోయింది, అందుకే బావగారు ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడు రాళ్ళు దింపించారు. మీరు అడగాల్సింది అప్పీలులో కొత్తగా తాత్కాలిక ఇంజంక్షన్, కనీసం యథాతథ స్థితి. అప్పీలు కాగితాలతో పాటే ఈ పిటిషనూ వేయమనండి, రాతి స్తంభాల ఫొటోలు తేదీతో సహా జత చేయండి. ఆలస్యం మన్నింపు పిటిషను తేలకుండా ఇది వినడానికి కొంత పేచీ పడొచ్చు, అందుకే ఆ అయిదు రోజులు కూడా నాకు ముల్లులా అనిపించింది.

ఇక బావగారు ఊళ్ళో చెప్పుకుంటున్న మాట. ఆయన గెలవలేదమ్మా. మీరు ఓడిపోయారు, అంతే, ఈ రెండూ ఒకటి కాదు. ఆ 22 సెంట్లు ఆయనదని ఆ తీర్పులో ఎక్కడా లేదు, ఆయన అలా అడగనూ లేదు. పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి మిమ్మల్ని తీసేయడానికి ఆయన చేతిలో డిక్రీ లేదు. అయినా బలవంతంగా కంచె వేసేస్తే, వేసిన ఆరు నెలల లోపు, హక్కు సంగతి తేల్చకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించమని వేరే దావా వేసే దారి ఉంది. కానీ అందులోనూ అప్పటిదాకా మీ స్వాధీనంలో ఉందని చూపించాలి, ఏడేళ్ళు బీడుగా ఉన్న నేలకి అది సులువు కాదు. మీ అబ్బాయి విశాఖ నుంచి వచ్చి రాళ్ళు పీకేస్తానంటున్నాడని రాశారు. వద్దు. రాయి పీకిన మరునాడు అది క్రిమినల్ కేసు అవుతుంది, వాడి ఉద్యోగానికి వెరిఫికేషన్ వస్తే అక్కడ ఇది నిలబడుతుంది.

మరి ఏం చేయాలి? నేను మూడు దారులు చూస్తున్నాను, మూడింటికీ ఖరీదు ఉంది.

అప్పీలు నడపడం ఒకటి. కోర్టు ఫీజు దాదాపు దావాకి కట్టినంతే. ఇందులోనే హక్కు ప్రకటన కూడా కలిపేలా దావాను సవరించమని అడగొచ్చు. ఇంత ఆలస్యంగా సవరణ అంటే కోర్టులు మొహం చిట్లిస్తాయి, విచారణ మొదలయ్యాక సవరణ కావాలంటే ముందే ఎందుకు అడగలేకపోయారో చెప్పాలి. ఒప్పుకుంటే మాత్రం పెద్ద లాభం, సాధారణంగా ఆ కోరిక 2019లోనే అడిగినట్టు లెక్క. కేసు మళ్ళీ కింది కోర్టుకి పంపినా పంపొచ్చు, అప్పుడు ఇంకొన్నేళ్ళు.

అప్పీలు వదిలేసి హక్కు ప్రకటన కోసం కొత్త దావా వేయడం ఇంకోటి. కొందరు లాయర్లు ఇదే శుభ్రం అంటారు. నాకు ఇందులో రెండు భయాలున్నాయి. హక్కు ప్రకటనకి మూడేళ్ళ గడువు, బావగారు 2019లోనే కాదన్నారు కాబట్టి టైము దాటిందని వాళ్ళ లాయరు తప్పకుండా అంటారు. స్వాధీనం కూడా కలిపి అడిగితే 12 ఏళ్ళు అని మన లాయరు అనొచ్చు, కానీ అలా అడగడమంటే స్వాధీనం మన దగ్గర లేదని ఒప్పుకోవడం, మరి ఇన్నాళ్ళూ ఉందన్నాం. రెండో భయం తీర్పు 19వ పేరాలోని ఒక వాక్యం. "వాదులు తమ హక్కు కూడా రుజువు చేసుకోలేకపోయారు" అని దారిన పోతూ రాసేశారు. దాన్ని అలా వదిలేస్తే కొత్త దావాలో అదే వాక్యం తెచ్చి "ఇది ఇదివరకే తేలిపోయింది" అంటారు. నన్నడిగితే మిగతా ఏం చేసినా చేయకపోయినా ఆ వాక్యం కోసమైనా అప్పీలు వేయాలి. ఒకసారి వేశాక, అప్పీలులోనే దావా ఉపసంహరించుకుని కొత్తది వేసుకోవడానికి అనుమతి అడిగే వీలు కూడా ఉంది, ఎప్పుడో గానీ ఇవ్వరు, కానీ వీలు ఉంది. గడువు దాటిపోతే ఇవేవీ ఉండవు.

మూడోది రాజీ. మీకు మనసులో ఇదే ఉందని, పైకి అనలేకపోతున్నారని ఉత్తరంలో ఆఖరి వాక్యం చూస్తే అనిపించింది. తప్పేం లేదు. 22 సెంట్ల కోసం ఇంకో ఏడేళ్ళు, రేపు మీ అమ్మాయి పెళ్ళిలో పెత్తనం చేయాల్సిన మనిషితో. కానీ ఇప్పుడు, చేతిలో అప్పీలు లేకుండా మాట్లాడటానికి వెళ్తే ఆయన "గెలిచినవాడిలా" కూచుంటారు. అప్పీలు నంబరు పడ్డాక అదే మనిషి కాస్త కిందికి దిగుతారు, ఆయనకీ లాయరు ఫీజు ఉంది, ఆయనకీ రిపోర్టులో ఆ మిగులు 22 సెంట్ల సంగతి తెలుసు. అప్పుడు లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. అక్కడ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, సర్వేయరుని పెట్టి రాళ్ళు పాతించుకుని ఆ కొలతలే అవార్డులో (లోక్ అదాలత్ రాసిచ్చే రాజీ ఉత్తర్వులో) రాయించుకోవచ్చు. అయితే ఆ అవార్డు మీద అప్పీలు లేదు. సంతకం పెట్టాక "నాకు సరిగ్గా అర్థం కాలేదు" అంటే వినేవాడు ఉండడు. కాబట్టి ఎన్ని సెంట్లు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది అంకెల్లో, మీ అమ్మాయి చదివి చెప్పాకే సంతకం. ఊరి పెద్దల ముందు స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టేసి కోర్టుకి వెళ్ళకుండా ఊరుకోవడం మాత్రం వద్దు, అదే ఇంకో దావాకి మొదలు అవుతుంది.

డబ్బు సంగతి రాశారు, లాయరు గారు అడిగిన మొత్తం చూసి గాజులు కుదువ పెట్టాలనుకుంటున్నట్టు. ఆగండి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. అప్పీలుకి లాయరుని పెడతారు, కోర్టు ఖర్చులూ చూస్తారు. ఉచితంగా వచ్చే లాయరు సరిగ్గా చేయరేమో అన్న అనుమానం అందరికీ ఉంటుంది, ఏ లాయరైనా మీరు అడిగినంతే చేస్తారు, వారానికోసారి అడుగుతూ ఉండండి. కేసు ఎక్కడిదాకా వచ్చిందో మీ అమ్మాయి ఫోనులో ఈకోర్ట్స్ యాప్ పెట్టి చూడొచ్చు, తీర్పు మొదటి పేజీలో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటే అది కొడితే చాలు. అప్పీలుకి వేరే నంబరు వస్తుంది, అది రాగానే రాసి పెట్టుకోండి. వాయిదాకి ఏం జరిగిందో గుమాస్తా చెప్పేదాకా ఆగక్కర్లేదు.

2వ తేదీన వెళ్ళేటప్పుడు అసలు కాపీ, చివరి పట్టీతో సహా, తీసుకెళ్ళండి. అత్తగారి కాగితానికి రెండు జిరాక్సులు తీసి, అసలుది పాత ప్లాస్టిక్ కవరులో మడత పెట్టకుండా ఉంచండి. లామినేషన్ మాత్రం చేయించకండి.